ముసురు రోజున నడింట్లో వెలుతురెంత?

పిల్లలూ! కిందటేడు నవంబరు నెలాఖరున మా పదో తరగతి అమ్మాయి ఒకతె నా దగ్గరికి వచ్చి, "మాస్టారండీ, సాయంత్రం దీపాలు పెట్టే వేళకి నాకు ఊరికే ఏడుపొస్తోందండి. చదివింది బుర్రకెక్కడం లేదు. రాత్రి పన్నెండైనా నిద్ర పట్టదు, పొద్దున్న లేవలేను" అంది. పరీక్షల భయమేలే అని ధైర్యం చెప్పి పంపేశాను. ఇన్నేళ్లుగా సైన్సు చెబుతున్నవాణ్ణి, ఒక్క ప్రశ్నయినా అడక్కుండా జవాబు చెప్పేశాను చూడండి! వారం తిరక్కుండా మళ్లీ వచ్చింది. అప్పుడడిగాను: "ఎక్కడ కూర్చుని చదువుతున్నావమ్మా?"

"నడింట్లోనండి. సెలవు రోజైతే పొద్దస్తమానం అక్కడేనండి."

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో పెరిగినవారికి నడిల్లంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా గోడకు గోడ ఆనించి కట్టిన వరస ఇళ్లు మనవి. ముందు వీధి గుమ్మం, వెనక పెరటి గుమ్మం. పక్క గోడల అవతల ఇరుగుపొరుగు వాళ్లుంటారు కనుక కిటికీ పెట్టే వీలులేదు. చూరు బాగా కిందికి దిగి ఉంటుంది. మండు వేసవిలో ఆ ఇల్లు చల్లగా ఉందంటే అది కట్టినవాళ్ల తెలివే. కాని చలికీ దోమలకీ జడిసి రెండు గుమ్మాలూ మూసుకుంటే, ఆ నడిమి గదిలో పట్టపగలే చీకటి. పైగా ఆ వారమంతా బంగాళాఖాతంలో వాయుగుండం. ఒకటే ముసురు.

"మీ ఇంట్లో వెలుతురెంతో కొలుద్దాం" అన్నాను.

వెలుతురును కొలిచే ప్రమాణం పేరు లక్సు. ఒక కొవ్వొత్తి వెలిగించి దానికి మీటరు దూరంలో కాగితం పట్టుకుంటే, ఆ కాగితం మీద పడే వెలుతురు సుమారు ఒక లక్సు. నిండు పున్నమి వెన్నెల అందులో నాలుగో వంతు కూడా ఉండడం అరుదు. బల్బు వెలిగే మన గదుల్లో సామాన్యంగా 50 నుంచి 200 లక్సుల దాకా ఉంటుంది. మరి ఆరుబయట? మిట్టమధ్యాహ్నపు ఎండలో దాదాపు లక్ష. ఇప్పుడు అసలు సంగతి వినండి. ఆకాశమంతా మబ్బు కమ్మి, సూర్యుడి జాడే లేని పగటిపూట కూడా ఆరుబయట కొన్ని వేల లక్సులుంటాయి. దీపం పెట్టుకున్న నడింటి కంటె "ఏం మబ్బు బాబూ, చీకటిగా ఉంది" అని మనం విసుక్కునే పెరడు ఎన్నో పదుల రెట్లు వెలుతురుగా ఉందన్నమాట!

అంత తేడా ఉంటే మనకెందుకు తెలియదు? కన్ను మనల్ని మభ్యపెడుతుంది కనుక. వెలుతురు తగ్గితే కంటిపాప విచ్చుకుంటుంది. అడ్డంగా 2 మిల్లీమీటర్లున్నది 8 దాకా పెరుగుతుంది. అంటే లోపలికి వెలుతురు వచ్చే దారి 16 రెట్లు పెద్దదవుతుంది. మిగిలిన సర్దుబాటు కంటి వెనక ఉన్న రెటీనా పొర చేసుకుంటుంది. కాసేపటికి గది మామూలుగానే కనిపిస్తుంది, పుస్తకంలో అక్షరాలూ కనిపిస్తాయి. మన పనికి అది చాలు. కాని కంటితో పని మనకొక్కరికే కాదు.

రెటీనాలో దండకణాలు, శంకుకణాలు ఉంటాయని మీ పాఠ్యపుస్తకంలో చదివారు. మూడో రకం కూడా ఉన్నదని 2002లో డేవిడ్ బెర్సన్ బృందం ఎలుకల కళ్లలో నిరూపించింది. మన కళ్లలోనూ అవి ఉన్నాయి. మెలనాప్సిన్ అనే పదార్థం ఉన్న ఈ కణాలకు బొమ్మ చూపించడం కన్నా పెద్ద పని మరొకటుంది. ఇప్పుడు పగలా, రాత్రా? ఎంత పగలు? ఈ కబురు అవి మెదడుకు మోస్తాయి. కంటి నరాలు రెండూ మెదడు అడుగున ఒకదాన్నొకటి దాటే చోట, సరిగ్గా దానిపైన, సుమారు 20,000 కణాల గుత్తి ఒకటుంది. అదే మన ఒంటి గడియారం. ఇది 24 గంటలకు కొద్ది నిమిషాలు ఆలస్యంగా తిరిగే గడియారం. గోడగడియారాన్ని రేడియో వార్తల వేళకు సరిచేసుకున్నట్టు, దీన్ని రోజూ ఉదయపు వెలుతురు సరిచేస్తుంది. రాత్రి అయిందని ఇది చెబితేనే పీనియల్ గ్రంథి మెలటోనిన్ విడుదల చేస్తుంది, నిద్రకు దారి అవుతుంది.

పగలంతా నడింట్లో ఉండి, రాత్రి పదకొండింటి దాకా మొహానికి జానెడు దూరంలో ఫోను పెట్టుకున్న మా అమ్మాయి గడియారానికి ఏం కబురు వెళ్లినట్టు? పగలేమో పగల్లా లేదు, రాత్రేమో రాత్రిలా లేదు. ఈ గడియారం తప్పితే నిద్ర ఒక్కటే కాదు, ఆకలి, చురుకు, మనసు కూడా తప్పుతాయి.

చలికాలానికీ మనసుకీ ఉన్న లంకెను పట్టి చూపించినవారిలో ముఖ్యుడు డాక్టరు నార్మన్ రోజెంథాల్. ఎండ బాగా కాసే దక్షిణాఫ్రికాలో పుట్టి పెరిగి 1976లో అమెరికా వెళ్లాడు. అక్కడి మొదటి చలికాలంలోనే తన ఉత్సాహం తగ్గిపోవడం, వసంతం రాగానే తిరిగిరావడం గమనించాడు. ఏటా చలికాలంలో కుంగిపోయేవారిని పరీక్షించి 1984లో తోటి శాస్త్రజ్ఞులతో కలిసి ఈ ఋతువ్యాధిని వర్ణించాడు. ఉదయం పూట కళ్లకు బాగా వెలుతురు అందేలా చేస్తే చాలామందిలో గుణం కనిపించింది. ఇప్పుడు వైద్యులు వాడే దీపపు పెట్టెలు 10,000 లక్సులిస్తాయి, వాటి ముందు అరగంట కూర్చోబెడతారు. నార్వేలోని ట్రోమ్సో పట్టణంలో నవంబరు చివరి నుంచి జనవరి మధ్య దాకా సూర్యుడు ఉదయించనే ఉదయించడు. లండనులో డిసెంబరు పగలు 8 గంటలు కూడా ఉండదు. మన ఊళ్ల నుంచి అలాంటి చోట్లకు చదువులకు వెళ్లిన పిల్లలుంటే అడిగి చూడండి.

మరి మన పగలెంత? అరసవల్లి గుడి సంగతి మీకు తెలుసు. మార్చి 9, 10 తేదీల ప్రాంతంలోనూ అక్టోబరు 1, 2 తేదీల ప్రాంతంలోనూ ఉదయకిరణాలు గర్భగుడిలోని మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. ఆ రెండు సమయాల్లోనూ సూర్యుడు తూర్పుకు రవ్వంత దక్షిణంగా, దాదాపు ఒకే చోట ఉదయిస్తాడు మరి! అక్టోబరు నుంచి ఆ చోటు ఇంకా దక్షిణానికి జరుగుతూ, డిసెంబరు 22 నాటికి తూర్పుకు దాదాపు 25 డిగ్రీలు దక్షిణాన ఉంటుంది. ఆ రోజు శ్రీకాకుళంలో పగలు 11 గంటలు. జూనులో 13 గంటల పైచిలుకు. తేడా రెండు గంటలే. ఇంకో విశేషం, అన్నిటికంటె తొందరగా పొద్దుగుంకేది డిసెంబరులో కాదు, నవంబరు నాలుగో వారంలో, సాయంత్రం అయిదుంపావుకే. మా అమ్మాయి వచ్చింది సరిగ్గా ఆ రోజుల్లోనే.

కాబట్టి ట్రోమ్సో జబ్బు మనకూ వచ్చిందని కంగారుపడకండి. ఆమెకు కొరవడింది ఆకాశంలోని పగలు కాదు, గుమ్మం మూసి తానే పోగొట్టుకున్న పగలు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మన పలాస దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు స్తంభాలు వేలాదిగా కూలి, ఉద్దానం పల్లెలు రోజుల తరబడి చీకట్లో ఉండిపోయాయి. "ఆ రోజుల్లో పొద్దుగుంకగానే పడుకునేవాళ్లం" అని చెబుతారు అక్కడివాళ్లు. అమెరికాలో కెన్నెత్ రైట్ అనే శాస్త్రజ్ఞుడు 8 మందిని వారం పాటు కొండల్లో గుడారాల్లో ఉంచి, విద్యుద్దీపాలు లేకుండా చేసి చూశాడు. 2013లో ప్రకటించిన ఫలితం ఏమిటంటే, వాళ్ల మెలటోనిన్ ఇంట్లో ఉన్నప్పటికంటె దాదాపు రెండు గంటలు ముందుకు జరిగింది. అలాగని తిత్లీ చీకటి మంచిదని నేననను. కొబ్బరి, జీడి తోటలు పడిపోయిన ఇంట్లో నిద్ర ఎలాంటిదో గుడారంలో సరదాగా ఉన్నవాళ్లకేం తెలుసు?

మా అమ్మాయికి చెప్పినవి చిన్న మార్పులే. ఉదయం ఆరున్నరకు పుస్తకం పట్టుకుని వీధి అరుగు మీదికి రావడం, చలివేస్తే దుప్పటి కప్పుకోవడం. ముసురైనా సరే చూరు కిందే కూర్చోవడం. సాయంత్రం బల్బును పైకప్పు నుంచి దించి బల్ల దగ్గరకు తేవడం, ఎందుకంటే దూరం సగమైతే వెలుతురు నాలుగింతలవుతుంది. తొమ్మిది దాటాక ఫోను నాన్నగారి దగ్గర పెట్టేయడం. దీనికే బాగా బాధపడింది! రెండు వారాలకు నిద్ర దారిలోకి వచ్చింది, ఏడుపు తగ్గింది. ఒక్క అమ్మాయితో శాస్త్రం తేలదు. నేను విసుక్కోకుండా విన్నందువల్ల కూడా కొంత తగ్గి ఉండవచ్చు. మీలో ఎవరికైనా రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే దీపాలతో కాలక్షేపం చెయ్యకండి. అమ్మకో, మాస్టారికో చెప్పండి, డాక్టరు దగ్గరికి వెళ్లండి. 2022లో ప్రారంభమైన టెలిమానస్ వారి 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇక మీ ఇంటి వెలుతురు మీరే చూడండి. వెలుతురు కొలిచే ఆప్ ఉన్న ఫోను దొరికితే సరే. లేకపోతే తెల్లకాగితం మధ్య ఒక చుక్క కొబ్బరినూనె వేసి ఆరనివ్వండి. బర్నరుతో మీకు పరిచయమైన బున్‌సెన్ గారి ఉపాయమే ఇది. కాగితాన్ని నిలబెట్టి, ఒక ముఖం గుమ్మం వైపు, రెండో ముఖం ఛార్జింగు లైటు వైపు ఉండేట్టు పట్టుకోండి. లైటు వైపు నిలబడి చూస్తే, గుమ్మం వెలుతురు ఎక్కువైనప్పుడు మరక మెరుస్తుంది, లైటు వెలుతురు ఎక్కువైనప్పుడు నల్లగా కనిపిస్తుంది. రెండూ సమానమైతే మరక దాదాపు మాయమవుతుంది. ముసురు రోజున నడింట్లో ఒకసారి, అరుగు మీద ఒకసారి చేసి, మరక మాయం కావడానికి లైటును ఎంత దగ్గరికి తేవలసి వచ్చిందో స్కేలుతో కొలవండి. సూర్యుడి వైపు మాత్రం నేరుగా చూడకండి.

సంక్రాంతికి ఇంటికి సున్నం వేస్తారు కదా, వేయకముందు ఒకసారి, వేశాక అదే వేళకు అదే చోట మరోసారి కొలిచి, రెండు అంకెలూ పక్కపక్కన రాసుకోండి. పొగచూరిన గోడ ఎంత వెలుతురు మింగుతోందో లెక్క తేలుతుంది. మా అమ్మాయి నోటుబుక్కులో ఆ పేజీ ఉంది. మీ అంకెలు వచ్చాక పోల్చుకుందాం.