సాంబ మసూరిలో ఒక చిన్న కోత

సికింద్రాబాదు చెంతనున్న యాప్రాల్ ఒకప్పుడు గ్రామము. నేడు నగరములో కలిసిపోయినది. సాగుభూమి ఇట్లు తరుగుచుండగా, ఉన్న మడిలోనే హెచ్చుగా పండించుకొనవలసి యున్నది. హైదరాబాదు నగరమునకు మరియొక కొసనున్న రాజేంద్రనగరులోని భారతీయ వరి పరిశోధన సంస్థ ఇందులకై ‘కమల’ యను వంగడమును రూపొందించినది. 2025 మే 4వ తేదీన కేంద్ర వ్యవసాయ మంత్రి దానిని ప్రకటించిరి.

దీని మూలము మనకు క్రొత్తది కాదు. బాపట్లలో పుట్టి, 1986లో విడుదలైన సాంబ మసూరియే, రైతులు బి.పి.టి. అని పిలుచునది.

వరి మొక్కలోని ప్రతి కణమునందును దాని లక్షణములు వ్రాసియున్న పొడవైన పోగు కలదు. అదియే డి.ఎన్.ఏ. వరిలో ఈ వ్రాత సుమారు 40 కోట్ల అక్షరములు. ఈ పోగును త్రెంచు ఎంజైములు మానవుడు కల్పించినవి కావు. తమలో జొరబడు వైరసుల డి.ఎన్.ఏ.ను నరికి ప్రాణము కాపాడుకొనుటకు బాక్టీరియాలు వీనిని వాడుకొనుచున్నవి. అట్టి ఎంజైమునకు దారిచూపు ఆర్.ఎన్.ఏ. తునకను జతపరచినచో కోరిన తావుననే కోయునని 2012లో షార్పెంటియే, డౌడ్నా అను శాస్త్రవేత్తలు చూపిరి. 2020లో వారికి నోబెల్ బహుమానము లభించినది.

తెగిన పోగును కణము తానే అతుకుకొనును. ఆ అతుకులో ఒకటిరెండు అక్షరములు జారిపోవుట కద్దు; అంతట ఆ జన్యువు పని కుంటుపడును. కమలలో కోరినదియు నదియే. వెన్నునకు గింజలు హెచ్చుగా కట్టుటకు సైటోకైనిన్ అను పదార్థము తోడ్పడును. దానిని హరించు ఎంజైము నొకదానిని తయారుచేయు జన్యువును శాస్త్రజ్ఞులు కోసిరి. హరించునది తగ్గగా గింజలు పెరిగినవి.

ఇది బి.టి. ప్రత్తి వంటిదేనా యని రైతులు మిమ్ము అడుగుదురు. కాదు. ప్రత్తిలో బాక్టీరియా జన్యువును చేర్చిరి. ఇందు పరాయి జన్యువు మిగులలేదని సంస్థ చెప్పుచున్నది. అట్టి పైర్లకు 2022లో కేంద్ర ప్రభుత్వము కొన్ని నిబంధనలనుండి మినహాయింపు నిచ్చినది.

సాంబ మసూరి హెక్టారునకు సగటున 4.5 టన్నులు పండగా కమల 5.37 టన్నులు పండుననియు, సుమారు 130 దినములలో, అనగా ఇంచుమించు 20 దినములు ముందుగా, కోతకు వచ్చుననియు ప్రకటించిరి. ఈ లెక్కలను, మినహాయింపును ఆక్షేపించినవారును కలరు. మన పొలములలో పండి చూపినప్పుడే ఈ వాదము తీరును.

వంగడమును ప్రకటించినంతనే విత్తనము అంగడికి రాదు. బ్రీడరు, ఫౌండేషను, ధ్రువీకృత దశలు దాటవలెను. ‘కమల’ యని ఎవరైన సంచి చూపినచో నీలిరంగు ధ్రువీకరణ చీటీని, రసీదును అడుగుడు. గింజను చూచి ఎవ్వరును పోల్చలేరు.

ఇరువది దినములు ముందు కోసినచో కాలువ చివరి భూములకు నీరు మిగులును. కాని ముందుగా పండిన మడి ఒంటరిదైనచో పిట్టలు, ఎలుకలు దానిమీదనే పడును. కావున ఒక తూము క్రింది రైతులందరు కూడి వంగడమును నిర్ణయించుకొనుట మేలు.