చెయ్యి వణికితే గురి తప్పినట్టేనా?

ప్రశ్న: మా అమ్మాయి పది మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటోంది. చెయ్యి వణికి పెల్లెట్లు చెదిరిపోతున్నాయండీ. ఏం చెయ్యాలి?
– ఒక తల్లి, విజయనగరం

జవాబు: చెయ్యి కదలడం ఎంతటి షూటర్‌కీ పూర్తిగా ఆగదమ్మా, దానికి బెంగపడకండి. అసలు చేటు ట్రిగ్గర్‌ని ఒక్కసారిగా లాగెయ్యడంలో ఉంది. పిస్టల్ ఖాళీయేనని రెండుసార్లు చూసుకుని, తెల్లగోడ వైపు నిలబడి రోజూ పావుగంట డ్రై ఫైరింగ్, అంటే పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధన, చెయ్యమనండి. చూపు టార్గెట్ మీద కాదు, పిస్టల్ కొసనున్న ముందు సైటు మీద నిలవాలి. ట్రిగ్గర్ బరువు కనీసం 500 గ్రాములుండాలన్నది నిబంధన. పోటీలో ఒంటిచేత్తో 75 నిమిషాల్లో 60 షాట్లు కొట్టాలి, కాబట్టి భుజానికీ నడుముకీ వ్యాయామం తప్పదు. గురి కుదరకపోతే కాల్చకుండా చెయ్యి దించెయ్యాలి. నేను అన్నిటికంటే ముందు నేర్పేది ఇదే. ఖరీదైన పిస్టల్ ఇప్పుడే కొనకండి. హైదరాబాద్ అమ్మాయి, పిస్టల్ షూటర్ ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు గెలిచింది. ఆమె మ్యాచ్‌లు మీ అమ్మాయికి చూపించండి.