జీవకణములోని త్రోవలు - కాన్సరు లెక్క

మన పెద్దదోర్నాల కూడలియందు మూడు త్రోవలు కలియుచున్నవి. మార్కాపురమునుండి వచ్చునదియు, ఆత్మకూరునుండి నల్లమల నడుమగా వచ్చునదియు ఇచట కలిసి శ్రీశైలపు ఘాటు త్రోవలోనికి సాగును. ఆ ఘాటులో బండరాయి పడి త్రోవ మూసికొనిపోయినచో ఈ రెండు దిక్కుల బండ్లును నిలిచిపోవును. హైదరాబాదునుండి మన్ననూరు మీదుగా వచ్చునవి మాత్రము శ్రీశైలము చేరుచునే యుండును. ఒక త్రోవ మూతపడుటచే ఏ బండి యాగునో, ఏది సాగునో చెప్పుటకు త్రోవలన్నిటి పటము కావలెను.

మన శరీరమందలి ప్రతి జీవకణమునందును ఇట్టి త్రోవల అల్లిక కలదు. ఒక పదార్థము మఱియొకటిగా మాఱుట, ఒక ప్రోటీను మఱియొకదానిని మేల్కొలుపుట లేక అణచుట అనునవే ఆ త్రోవలు. కణము ఎప్పుడు రెండుగా చీలవలెనో, ఎప్పుడు ఊరకుండవలెనో ఈ అల్లికయే నిర్ణయించును. ఇది చెడినప్పుడు కణములు అదుపులేక చీలుచు పొరుగు భాగములలోనికి చొచ్చుకొనిపోవును. అదియే కాన్సరు.

ఇట్టి త్రోవ నొకదానిని మూయు మందును సిద్ధపఱచుటలో మన ఆంధ్రుడొకడు ముఖ్యుడగుట సంతోషదాయకము. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లే పరిశోధనాలయమున ఫోలిక్ ఆమ్లమును గుఱించి కృషి సలిపిరి. చీలుటకు ముందు కణము తన డీఎన్ఏను ఇమ్మడించుకొనవలెను. దానికి ఈ విటమిను అవసరము. దానిని పోలియుండియు దాని పనిని అడ్డగించు అమినోప్టెరిన్ అను పదార్థమును వారి బృందము సిద్ధము చేసెను. బోస్టనులో సిడ్నీ ఫార్బరు దానిని రక్తకాన్సరుగల 16 మంది పిల్లలకిచ్చి, 10 మందికి గుణము కనబడెనని 1948లో ప్రకటించెను. అయితే ఆ గుణము నిలువలేదు, వ్యాధి మరలివచ్చెను. ఎందువలన?

ఒక చిన్న లెక్క వేయుదము. వాడిన ఫోలేటును మరల పనికివచ్చునట్లు చేయు ద్వారములు కణములో 100 కలవనియు, చీలుటకు 10 చాలుననియు అనుకొందము. మందు 50 ద్వారములను మూసినను కణమునకు లోటు లేదు. 90 మూసినను 10 మిగులును. 95 మూసినప్పుడే పని చెడును. ఇక కణము తన ద్వారములను 200 చేసికొన్నచో, అదే మందు 95 మూసినను 105 మిగులును! ఈ అంకెలు ఊహించినవే గాని, కాన్సరు కణములు ఇట్లే ఆ ఎంజైమును మిక్కుటముగా చేసికొనుట నిజముగా కనుగొనబడినది.

ఈ లెక్క మార్కాపురపు పలకమీద వేయదగినదే. కాని కణములో ద్వారములు వేలకొలది. ఒకటి మాఱిన తక్కినవియు మాఱును. అందుచే కంప్యూటరు సాయము కావలసివచ్చినది. 1969లో స్టువర్టు కాఫ్మన్ ప్రతి జన్యువును వెలుగుచున్న, లేక ఆరిన దీపముగా భావించి జన్యువుల అల్లికకు నమూనా కట్టెను. 1973లో జాక్సన్, హారప్ అనువారు ఫోలేటు త్రోవనే సమీకరణములుగా వ్రాసిరి. ఇట్టి నమూనాలలో ఏ ద్వారమును మూసిన ఏమగునో, రెండు మందులు కలిపిన ఏమగునో ముందుగా లెక్కించి చూడవచ్చును.

ఈ లెక్క ఏల ముఖ్యమనగా, మందు మంచి కణములను విడిచిపెట్టదు. ఎముకల మూలుగ, నోరు, ప్రేగులు మొదలగు చోట్ల త్వరగా చీలు మంచి కణములును నష్టపడును. కావుననే మెథొట్రెక్సేటు అధికముగా ఇచ్చినపుడు, మూసిన ద్వారముతో పనిలేక వేఱు త్రోవను పోవు లూకోవోరిన్ అను మందును తరువాత నిత్తురు. ఎంత, ఎప్పుడు అను ప్రశ్నలమీద రోగి ప్రాణము ఆధారపడియున్నది.

అయినను పటము త్రోవ కాదు. పటములో వ్రాయని కాలిబాట అడవిలో ఉండవచ్చును. యంత్రము చెప్పినదానిని ప్రయోగశాలలో పరీక్షించి, పిమ్మట వైద్యులు జాగ్రత్తతో రోగులయందు నిరూపింపవలెను.

విద్యార్థులారా, గణితము వేఱు, జీవశాస్త్రము వేఱు అని తలపకుడు. తల్లిదండ్రులకు మా మనవి యొక్కటి: మానని పుండుగాని, పెరుగు గడ్డగాని కనబడినచో ఆలస్యము చేయక వైద్యునికి చూపుడు. ఎంత మంచి మందునకైనను, ఎంత మంచి లెక్కకైనను వేళకు వచ్చిన రోగియే కావలెను.