ఆటగాడి చాట్ మీ ఫోన్‌లో ఉన్నా, బయటపెట్టే హక్కు మీది కాదు

దోహా హోటళ్లలో రూములు సర్దేవాళ్లలో, ఎయిర్‌పోర్టు నుంచి స్టేడియం దాకా కార్లు నడిపేవాళ్లలో, గేటు దగ్గర సెక్యూరిటీ డ్యూటీ చేసేవాళ్లలో మనవాళ్లు చాలామందే ఉన్నారు. ఊళ్లో ఉండగా టీవీలో మాత్రమే చూసిన ఆటగాడు అక్కడ ఎదురుపడతాడు. 2022లో ఫుట్‌బాల్ ప్రపంచకప్ అక్కడే జరిగింది. 2024 జనవరిలో ఫుట్‌బాల్ ఆసియా కప్ ఆడేందుకు మన జట్టు అక్కడికే వెళ్లింది. 2025 మేలో నీరజ్ చోప్రా ఈటెను 90.23 మీటర్ల దూరం విసిరింది దోహాలోనే. అదే ఏడాది డిసెంబరులో మన ఓరుగల్లు కుర్రాడు అర్జున్ ఎరిగైసి ప్రపంచ ర్యాపిడ్, బ్లిట్జ్ చదరంగ పోటీల్లో రెండు కాంస్యాలు గెలిచిందీ అక్కడే. అభిమానంతో ఇన్‌స్టాలో ఒక మెసేజ్ పెడతాం. ఒక్కోసారి జవాబొస్తుంది. నాలుగు మాటలు నడుస్తాయి. ఓడిపోయిన రాత్రి ఆ ఆటగాడు మనసులో మాట కూడా చెప్పుకోవచ్చు: కోచ్ మీద కోపమో, మోకాలి నొప్పో, ఇంట్లో గొడవో. వెంటనే స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్ పెట్టాలనిపిస్తుంది.

పెట్టకండి. అది మర్యాద కాదు. ఖతార్‌లోనైతే నేరం కూడా కావచ్చు.

ఖతార్‌లో 2014 నాటి 14వ నంబరు సైబర్ నేరాల చట్టం ఉంది. దాని 8వ అధికరణం ప్రకారం ఎవరి వ్యక్తిగత లేదా కుటుంబ జీవితానికి సంబంధించిన వార్తలనైనా, ఫొటోలనైనా, ఆడియో వీడియోలనైనా నెట్‌లో ప్రచురిస్తే మూడేళ్ల దాకా జైలు, లక్ష రియాళ్ల దాకా జరిమానా పడవచ్చు. రెండూ కలిపి వేయవచ్చు, ఒకటే వేయవచ్చు. మనవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ సమాచారం నిజమే అయినా సరే నేరమేనని చట్టంలోనే రాసి ఉంది. ‘అతను అన్నదే కదా పెట్టాను, అబద్ధం కాదుగా’ అనే వాదన అక్కడ నిలవదు.

లక్ష రియాళ్లంటే ఎంతో ఒక లెక్క వేసుకుందాం. 2021 మార్చి నుంచి ఖతార్‌లో కనీస మూల వేతనం నెలకు 1,000 రియాళ్లు. ఆ జీతం మీద బతికే మనిషికి లక్ష రియాళ్లు నూరు నెలల కష్టం, అంటే ఎనిమిదేళ్ల పైమాటే. ఇంటి దగ్గర తీర్చాల్సిన వీసా అప్పు దీనికి అదనం. గరిష్ఠ శిక్ష ప్రతి కేసులోనూ పడదు, నిజమే. కానీ కేసు పెండింగులో ఉంటే ట్రావెల్ బ్యాన్ పడవచ్చు. చెల్లి పెళ్లికో, తండ్రి అంత్యక్రియలకో విమానం ఎక్కలేని పరిస్థితి వస్తుంది. విదేశీయుడికి శిక్షతోపాటు దేశం నుంచి పంపివేత కూడా ఉండవచ్చు. సరదాగా పెట్టిన ఒక్క స్టేటస్ ఇంత దూరం తీసుకెళ్లగలదు.

మెసేజ్ నాకే వచ్చింది, నా ఫోన్‌లోనే ఉంది, కాబట్టి అది నాదేనని అనుకోవడం సహజం. ఈ తగవు ఫోన్ పుట్టకముందే తేలింది. ఇంగ్లండులో కవి అలెగ్జాండర్ పోప్ ఉత్తరాలను ఎడ్మండ్ కర్ల్ అనే ప్రచురణకర్త అచ్చు వేస్తే పోప్ కోర్టుకెక్కాడు. 1741లో తీర్పు వచ్చింది: ఉత్తరం అందుకున్నవారికి కాగితం మీద హక్కు ఉంటుంది, అందులోని మాటలను ప్రచురించే హక్కు రాసినవారి దగ్గరే ఉంటుంది. ఇప్పటి వాట్సాప్ మాటలకూ ఈ న్యాయమే సబబని నా నమ్మకం. మీరు చదువుకోవచ్చు, దాచుకోవచ్చు, పదేపదే చూసి మురిసిపోవచ్చు. ఊరందరికీ పంచడం మాత్రం రాసినవారు ఒప్పుకుంటేనే.

ఆ ఒప్పుకోలు అడగడం ఏమంత కష్టం కాదు. ‘మీ మెసేజ్ నా పేజీలో పెట్టుకోవచ్చా?’ అని ఒక్క వాక్యం రాయండి. ఒప్పుకుంటే ఆ జవాబును భద్రంగా ఉంచుకోండి. జవాబు రాకపోతే కాదన్నట్టే లెక్క. సెల్ఫీకి నవ్వుతూ నిలబడినంత మాత్రాన చాట్ బయటపెట్టడానికి అనుమతి ఇచ్చినట్టు కాదు.

ఉద్యోగం వల్ల ఆటగాళ్ల దగ్గరికి వెళ్లేవాళ్లకు ప్రమాదం మరీ ఎక్కువ. వెనక సీట్లో ఆటగాడు ఫోన్‌లో భార్యతో మాట్లాడుతున్నాడు. డ్రైవర్ దాన్ని రికార్డు చేసి రూమ్‌మేట్‌కు పంపాడు అనుకుందాం. ఖతార్ 2004 నాటి శిక్షాస్మృతి 333వ అధికరణాన్ని 2017లో సవరించారు. దాని ప్రకారం ప్రైవేటు సంభాషణను చాటుగా వినడం, రికార్డు చేయడం, ఇతరులకు చేరవేయడం రెండేళ్ల దాకా జైలు, 10,000 రియాళ్ల దాకా జరిమానాకు దారితీసే నేరం. దాంతోనే ఆగదు. ఖతార్ కార్మిక చట్టం 61వ అధికరణం ప్రకారం సంస్థ రహస్యాలు బయటపెట్టిన ఉద్యోగిని నోటీసు లేకుండా, సర్వీసు ముగింపు సొమ్ము ఇవ్వకుండా తీసేయవచ్చు. అతిథి గది నంబరు, రాకపోకల వేళలు, గదిలో కనిపించిన మందుల డబ్బా లాంటివి కంపెనీ రహస్యాలేనని యాజమాన్యం వాదిస్తే తిప్పికొట్టడం కష్టం. 2022 అక్టోబరులో పెర్త్‌లో విరాట్ కోహ్లీ హోటల్ గదిని ఎవరో వీడియో తీసి నెట్‌లో పెట్టారు. సొంత గదిలోనే ఏకాంతం లేకపోతే ఇంకెక్కడ దొరుకుతుందని అతను బహిరంగంగానే బాధపడ్డాడు. హోటల్ క్షమాపణ చెప్పింది, బాధ్యులను పనిలోంచి తప్పించారు.

‘బహిరంగ ప్రదేశంలో తీస్తే తప్పేముంది?’ అని చాలామంది అడుగుతారు. 2022 డిసెంబరు 5 రాత్రి దోహాలోని స్టేడియం 974 బయట కామెరూన్ ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షుడు శామ్యూల్ ఎటో అభిమానులతో ఫొటోలు దిగుతున్నాడు. కెమెరా పట్టుకున్న ఒక వ్యక్తి ఏదో అన్నాడు. మాటామాటా పెరిగింది, ఎటో అతన్ని తన్నాడు. ఆ వీడియో ప్రపంచమంతా చూసింది. మర్నాడు ఎటో క్షమాపణ చెప్పాడు. ఆ ఏడాది మార్చిలో అల్జీరియాపై గెలిచినప్పటి నుంచి తనను దూషిస్తున్నారని, ఆధారాల్లేకుండా మోసగాడని నిందిస్తున్నారని కూడా చెప్పాడు. తన్నడాన్ని ఎవరూ సమర్థించలేరు. అలాగని కెమెరా ముందుపెట్టి మనిషిని రెచ్చగొట్టడం కూడా అభిమానం అనిపించుకోదు. అప్పటికీ ఇప్పటికీ ఖతార్ సైబర్ చట్టం మారింది. 2025 ఆగస్టులో వెలువడిన సవరణ ప్రకారం బహిరంగ ప్రదేశాల్లో ఉన్నవారి ఫొటోలు, వీడియోలను వారి అనుమతి లేకుండా, చట్టం అనుమతించని సందర్భాల్లో నెట్‌లో ప్రచురించినా, పంచినా ఏడాది దాకా జైలు, లక్ష రియాళ్ల దాకా జరిమానా ఉండవచ్చు. పంచడం కూడా అందులో ఉంది కాబట్టి ‘నేను తీయలేదు, గ్రూపులో వస్తే ఫార్వర్డ్ చేశానంతే’ అన్నా తప్పించుకున్నట్టు కాదు.

మన దేశంలో న్యాయం దీనికి భిన్నమేమీ కాదు. 1994లో హంతకుడు ఆటో శంకర్ జీవితకథ కేసులో సుప్రీంకోర్టు ఇదే మాట చెప్పింది: కోర్టు రికార్డుల్లాంటి బహిరంగ పత్రాల్లో ఉన్నది మినహా, ఒకరి వ్యక్తిగత విషయాలను అనుమతి లేకుండా ప్రచురిస్తే, అవి నిజమైనా అబద్ధమైనా, పరిహారం చెల్లించాల్సి రావచ్చు. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించారు.

ఇదంతా చదివి, ఆటగాళ్లు ఏం చేసినా నోరుమూసుకోవాలని ఎవరూ అనుకోకూడదు. ముఖ్యంగా ఆడపిల్లలు. పేరున్న ఆటగాడు అసభ్యంగా మెసేజ్‌లు పెట్టినా, బెదిరించినా, డబ్బు గుంజినా మీ దగ్గరున్న చాట్ గట్టి సాక్ష్యం. దాన్ని చెరపకండి, ఎడిట్ చేయకండి. స్క్రీన్‌షాట్లు తేదీ, ఖాతా పేరు కనిపించేలా తీసి, ఫోన్‌ను అలాగే ఉంచి ఖతార్ అంతర్గత వ్యవహారాల శాఖలోని సైబర్ నేరాల విభాగానికి వెళ్లండి. పోలీసులకు చూపడం వేరు, జనానికి చూపడం వేరు. మొదటిది మీ హక్కు. రెండోది చేస్తే మీ మీదే ఎదురు కేసు పడవచ్చు.

2022లో క్రికెటర్ వృద్ధిమాన్ సాహా ఈ తేడాను బాగా పాటించాడు. ఇంటర్వ్యూ ఇవ్వలేదని ఒక జర్నలిస్టు బెదిరింపు ధోరణిలో పంపిన సందేశాలను బయటపెట్టినా, పంపిన మనిషి పేరు మాత్రం ట్వీట్‌లో రాయలేదు. బీసీసీఐ విచారణ కమిటీ ముందు చెప్పాడు. ఆ జర్నలిస్టుపై రెండేళ్ల నిషేధం పడింది. సాహా చేసింది భారతదేశంలో. ఖతార్‌లో ఉన్నవారు పేరు తీసేసి కూడా పెట్టకపోవడమే మంచిది.

చాట్‌ను అడ్డుపెట్టి ఆటగాడిని ‘డబ్బిస్తావా, బయట పెట్టమంటావా’ అని అడిగితే మాత్రం జాలిపడేవారుండరు. అది బ్లాక్‌మెయిల్. అదే సైబర్ చట్టంలో దానికీ మూడేళ్లు, లక్ష రియాళ్లు ఉన్నాయి. అవతలివాడు నిజంగా తప్పు చేసి ఉన్నా, ఆ క్షణం నుంచి మీరు బాధితులు కారు, ముద్దాయి అవుతారు.

గోప్యత హక్కు మీకూ ఉంది. మీరు ఆవేశంలో రాసిన మెసేజ్‌ను ఆటగాడు లక్షలమంది చూసేలా మీ పేరుతో పెట్టినా ఇదే చట్టం వర్తిస్తుంది. 2022 ప్రపంచకప్ సమయంలో ఆటగాళ్లపై నెట్‌లో వచ్చే దూషణలను వడకట్టేందుకు ఫిఫా ప్రత్యేక సేవ నడిపింది. ఆటగాళ్లు అభిమానితో బహిరంగంగా తగువు పెట్టుకోకుండా ఇలాంటి వ్యవస్థల ద్వారా ఫిర్యాదు చేయడమే సరైన దారి.

ఇప్పటికే ఏదైనా పెట్టేసి ఉంటే ముందు పోస్టు తీసేయండి, గ్రూపుల్లోనూ తొలగించండి. మూల చాట్ మాత్రం చెరపకండి. ఎదుటివారికి క్షమాపణ రాయండి, వివరణలు ఎక్కువ ఇవ్వకండి. పోలీసులు పిలిస్తే తప్పక వెళ్లండి, దాక్కుంటే కేసు ముదురుతుంది. భారత రాయబార కార్యాలయానికి, దాని ఆధ్వర్యంలో పనిచేసే ఇండియన్ కమ్యూనిటీ బెనెవొలెంట్ ఫోరానికి ఆ రోజే చెప్పండి. స్టేషన్‌లో వాంగ్మూలం అరబ్బీలో రాస్తారు. అనువాదకుణ్ని అడగండి, అందులో ఏముందో మీకు పూర్తిగా వినిపించేదాకా సంతకం పెట్టకండి.