జీపు ముందు చక్రం కీలు

ఈసారి గోడపత్రికకి జీపు గురించి రాస్తున్నాను. ఆడపిల్లకి ఇదేటని నవ్వకండి.

మాది సీతంపేట మండలంలో కొండమీద ఊరు. 2022 దాకా శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లా. మా సిన్నాన్నకి పాత జీపు ఉంది. దానికి వెనక చక్రాలే కాదు, ముందు చక్రాలూ లాగుతాయి. గెడ్డ దాటాలంటే ఆ లాగుడే దిక్కు.

మోకాలిది మడతబందు కీలు, భుజానిది బంతిగిన్నె కీలు అని చదువుకున్నాం కదా. జీపుకి కూడా కీలు ఉంది. ముందు చక్రం తిరుగుతూనే పక్కకి మళ్లాలి. ఇరుసు ఒకే కడ్డీ అయితే మళ్లదు. అందుకని ఇరుసుని రెండు ముక్కలుగా చేసి, మధ్యలో కూడిక గుర్తు లాంటి ఉక్కు ముక్కతో కలుపుతారు. మేస్త్రీలు దీన్ని క్రాస్ అంటారు. దాని నాలుగు చేతులకి నాలుగు కప్పులు. కప్పు లోపల చుట్టూ సూదుల్లాంటి సన్నని రోలర్లు, గ్రీజు ఉంటాయి. ఇలాంటి కీలుకి హుక్ జాయింటని కూడా పేరు. 1665లో బెండు ముక్కలో గదులు చూసి కణం అని పేరు పెట్టిన రాబర్ట్ హుక్ గారి పేరే అది!

ఎండాకాలం నుంచీ మలుపుల్లో టక్ టక్ మని చప్పుడొచ్చేది. "సంతలయ్యాక సూద్దాం" అన్నాడు సిన్నాన్న. శ్రావణంలో నేను రెండు రోజుల సెలవుకి ఇంటికెళ్లాను. ఆ రాత్రే మా అప్పకి నొప్పులొచ్చాయి. గెడ్డ దగ్గర ముందు చక్రాలు లాగలేదు. వెనకవి బురదలో ఊరికే తిరిగాయి. అప్పని డోలీలో తారురోడ్డు దాకా మోసారు. నేను టార్చిలైటు పట్టుకుని ముందు నడిచాను. కాళ్లు వణికాయి. అప్పా, పాపా ఇప్పుడు బాగున్నారు.

దసరా సెలవుల్లో మేస్త్రీ వచ్చాడు. వెనక చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, కుడిపక్క జాకీ ఎత్తాడు. జాకీని నమ్మకూడదట, ఇరుసు కింద దుంగ కూడా పెట్టాడు. చక్రం, బ్రేకు డ్రమ్ము, దాని వెనక ప్లేటు విప్పి ఇరుసు బయటికి లాగాడు. గ్రీజు ఎర్రమట్టి నీళ్లలా కారింది. గెడ్డ నీళ్లు లోపలికి పోకుండా ఆపే సీలు చిరిగిపోయింది. నీళ్లకి రోలర్లు తుప్పుపట్టి పొడైపోయాయి. క్రాస్ చేతుల మీద గాట్లు పడ్డాయి.

పాలకొండ నుంచి కొత్త క్రాస్ తెచ్చారు. బిగించేటప్పుడు ఒక కప్పు చేయిజారి రోలర్లన్నీ రాలాయి. "గుంటా, ఇలా రా, నీ వేళ్లు సన్నం" అన్నాడు మేస్త్రీ. పొద్దుట నన్ను పక్కకి పొమ్మన్నది ఆయనే! నేను ఏరి, కిరసనాయిలుతో కడిగి, గ్రీజు రాసి ఒక్కొక్కటీ నిలబెట్టాను. అయినా కప్పు పూర్తిగా దిగలేదు, లాకు రింగు గాడిలో కూర్చోలేదు. సిన్నాన్న సుత్తి తీశాడు. మేస్త్రీ ఆపాడు. విప్పి చూస్తే ఒక రోలరు అడుగున అడ్డంగా పడుకుంది. సుత్తితో కొడితే అది విరిగి, కొత్త క్రాస్ కూడా పాడయ్యేది.

నాలుగు రింగులూ కూర్చున్నాక కీలుని చేత్తో అన్ని వైపులా తిప్పాం. ఎక్కడా పట్టెయ్యలేదు. కొత్త సీలు వేసి, గ్రీజు నింపి గెడ్డ దాటించాం. టక్ టక్ లేదు. ముందు గేరు గట్టి తారురోడ్డు మీద వెయ్యొద్దని మేస్త్రీ చెప్పాడు, కీలు మీద బరువు పడిపోతుందట.

ఎడమపక్క సీలు కూడా కొంచెం చిరిగింది. సంక్రాంతి సెలవుల్లో అది విప్పుతాం. రోలర్లు నేనే పెడతానని సిన్నాన్నతో ముందే చెప్పేశాను.

— 9వ తరగతి విద్యార్థిని