హోం థియేటర్ కంప్యూటరుకు నీటి చలువ

ఒకప్పుడు మన ఇండ్లలో టీవీ క్రింద వీసీఆర్ ఉండిన చోటును నేడు కొందరి ఇండ్లలో ఒక చిన్న కంప్యూటరు ఆక్రమించినది. సెలవునాడు నాలుగు కుటుంబాలు కలిసి 2010లో రంగులద్దుకొని వచ్చిన 'మాయాబజార్' చూస్తున్నామనుకొనండి. పాట ముగిసి సన్నివేశం నిశ్శబ్దమైన క్షణాన ఆ పెట్టెలోని ఫ్యాను హోరు హాలంతా వినిపిస్తుంది. ఆ హోరును తగ్గించుటకై నేను నీటి చలువను ఆశ్రయించితిని. దాని వెనుకనున్న శాస్త్రమును, నేను చేసిన పొరపాట్లను పాఠకుల ముందుంచుతున్నాను.

కంప్యూటరు వాడుకొనే విద్యుత్తు దాదాపు అంతా చివరకు వేడిగానే మారుతుంది. 65 వాట్ల ప్రాసెసర్ అనగా బొటనవేలి గోరంత స్థలంలో ఒక పాతకాలపు బల్బు వెలుగుచున్నదన్నమాట. పెద్ద క్యాబినెట్‌లో ఎత్తైన హీట్‌సింక్, నెమ్మదిగా తిరిగే పెద్ద ఫ్యాను అమర్చవచ్చును. టీవీ క్రింద ఇమిడే పెట్టెలో అంత ఎత్తు లేదు. చిన్న ఫ్యాను అంతే గాలిని తోయవలెనన్న వేగంగా తిరగక తప్పదు. వేగం పెరిగిన కొలదీ హోరు పెరుగుతుంది.

ఇక లెక్క చూడండి. 65 వాట్ల వేడిని గాలి 10 డిగ్రీలు మాత్రమే వేడెక్కి మోసుకొనిపోవలెనన్న నిమిషానికి సుమారు 320 లీటర్ల గాలి కావలెను. అదే పనికి నీరు లీటరులో పదోవంతు చాలును! నీటి సాంద్రత గాలికి 800 రెట్లకు పైబడి ఉండుట, దాని విశిష్టోష్ణం నాలుగు రెట్లు అధికమగుట దీనికి కారణములు. చిన్న పంపు నిమిషానికి ఒక లీటరు నీటిని త్రిప్పినచో, ప్రాసెసర్‌పైనున్న రాగి దిమ్మెలోనికి పోయిన నీరు ఒక డిగ్రీ మాత్రమే వేడెక్కి బయటకు వస్తుంది.

అయితే నీరు వేడిని మాయం చేయదు, మోయును అంతే. ఆ బరువును దింపవలసినది రేడియేటర్. దానికి మరల గాలియే దిక్కు. కావున ఫ్యాను పూర్తిగా పోదు. విశాలమైన రేడియేటర్‌కు 120 మిల్లీమీటర్ల ఫ్యానును నెమ్మదిగా త్రిప్పినా సరిపోతుంది, మన లాభమంతా అక్కడే ఉన్నది. మరొక మాట: ఈ పద్ధతిలో నీరు గది ఉష్ణోగ్రతకంటె చల్లబడదు. ఏ.సీ. లేని గది 38 డిగ్రీలున్నచో నీరు అంతకంటె వెచ్చగానే ఉంటుంది. ఇందులో ఒక మేలు లేకపోలేదు. గొట్టాలపై మంచుచెంబుకు పట్టినట్లు చెమ్మ పట్టదు.

అమర్చుటకు ముందు స్కేలు పట్టుకొనవలెను. నేను కొన్న రేడియేటర్ మందం 27 మిల్లీమీటర్లు, ఫ్యాను మందం 25. రెండూ కలిసి 52. దానికి తోడు గొట్టం నలగకుండా వంగుటకు తగినంత చోటు కావలెను. ఈ వంపును నేను లెక్కలోనికి తీసుకొనక ఒక గొట్టమును వృథా చేసితిని. రేడియేటర్‌ను ప్రక్క గోడకు నిలిపి, వేడిగాలి వెలుపలికి పోవునట్లు ఫ్యానును బిగించుట ఉత్తమం. వెనుక మూసివున్న టీవీ అలమరలో ఉంచినచో ఆ గాలియే తిరిగి లోనికి వచ్చి శ్రమ వ్యర్థమగును.

నా పెద్ద పొరపాటు పంపు విషయంలో జరిగినది. చోటు చాలక పంపును నీటితొట్టికంటె ఎత్తున పెట్టితిని. గాలి బుడగలు లోనికి చేరి పెట్టె గుడగుడలాడసాగినది. "పాత ఫ్యానే నయం కదండీ, ఇది పొయ్యిమీద పప్పు ఉడికినట్లున్నది" అని మా శ్రీమతి అన్నది. మన పల్లెలలో రైతు మోటారు వేయుటకు ముందు పంపులో నీరు పోయుట ఎరిగినవారమే కదా! ఈ చిన్న పంపులకు లోని నీరే కందెన. ఎండిపోయి తిరిగినచో అరిగిపోవును. తొట్టి పైన, పంపు దిగువన ఉండి తీరవలెను.

లోహముల విషయంలోను జాగ్రత్త అవసరం. ఒకే నీటిలో రాగి, అల్యూమినియం రెండూ ఉన్నచో ఆ వలయం ఒక బ్యాటరీవలె పనిచేసి అల్యూమినియం క్షయించును. దిమ్మె రాగిదైనచో రేడియేటర్ కూడ రాగి లేక ఇత్తడిదే కొనవలెను. స్వేదనజలంలో తుప్పును, నాచును నివారించే ద్రవం కలుపుట మంచిది. స్వేదనజలం విద్యుత్తును దాదాపు ప్రసరింపజేయదు గదా అని ధీమా పడరాదు. కొద్దికాలంలోనే లోహపు అయాన్లు చేరి ప్రసరింపజేయును.

పిల్లలు తిరిగే హాలులో నీరు, కరెంటు ఒకే పెట్టెలో ఉంచుతున్నాము. అందుచేత కారుడు పరీక్ష తప్పనిసరి. కంప్యూటరుకు కరెంటు ఇవ్వక, పంపునకు మాత్రం వేరుగా 12 వోల్టులిచ్చి, ప్రతి అతుకు క్రింద కాగితపు రుమాలు పరచి 24 గంటలు నడపవలెను. మా పెట్టెలో ఏడవ గంటకు ఒక రుమాలు తడిసినది, బిగింపు వదులైనది. ఆ ఒక్క చుక్క మదర్‌బోర్డుపై పడియుండిన ఏమగునో ఊహింపవచ్చును.

సినిమాలు చూచుటకు మాత్రమే వాడే 65 వాట్ల యంత్రమునకు ఇంత ప్రయాస అవసరమా అని అడిగినచో, కాదనియే నా అభిప్రాయం. మంచి పొట్టి హీట్‌సింక్ చాలును. పిల్లల ఆటలకై 200 వాట్ల గ్రాఫిక్స్ కార్డు కూడ అదే పెట్టెలో చేర్చినప్పుడే నీరు తన చోటును సంపాదించుకొనును. ఎడారి ధూళి రేడియేటర్ రెక్కల మధ్య పేరుకొనును గనుక నెలకొకసారి కుంచెతో దులపవలెను. గొట్టాల గోడల గుండా నీరు కొంచెము కొంచెముగా ఆవిరై పోవును. వేసవి సెలవులకు స్వదేశం వెళ్ళునప్పుడు ప్లగ్గు తీసివేసి, తిరిగి రాగానే తొట్టిలో నీటి మట్టం చూచిన పిమ్మటనే స్విచ్చి వేయవలెను.