ఒక మాటకు ఒకే అర్థమా?

మన ఊరి పేరుతోనే ఈ పాఠం మొదలుపెడదాం. 1850 ప్రాంతంలో ఇక్కడ స్థిరపడినవారు ఈ ఊరికి అప్పటి అధ్యక్షుడు ఫిల్‌మోర్ పేరు పెట్టమని కోరితే తపాలా శాఖ ఒప్పుకోలేదని చెబుతారు. అప్పుడు డాక్టర్ హెన్రీ డై 'ప్లేనో' అన్న పేరు సూచించారట. స్పానిష్‌లో దానికి మైదానం అని అర్థమని వారి ఉద్దేశం. నిజానికి మైదానానికి స్పానిష్ మాట 'యానో'. పశ్చిమ టెక్సాస్‌లోని 'యానో ఎస్తకాదో' పేరులో ఉన్నది అదే. 'ప్లానో' అంటే చదునైనది అని. ఇంటి ప్లానుకీ, ఊరి మ్యాపుకీ కూడా అదే మాట. రెండూ 'ప్లానుస్' అనే ఒకే లాటిన్ మాటకు పుట్టిన తోబుట్టువులే. అయినా ఒకదాని చోట ఇంకొకటి కూర్చోదు.

మన పిల్లలు చాలామంది పబ్లిక్ స్కూల్లో స్పానిష్ నేర్చుకుంటున్నారు. 2017లో టయోటా అమెరికా ప్రధాన కార్యాలయం ప్లేనోలో ప్రారంభమయ్యాక జపనీస్ మాట్లాడే కుటుంబాలు కూడా ఇక్కడికి వచ్చాయి. అందుకే మేము తెలుగు పాఠానికి ఆ రెండు భాషలనూ తోడు తెచ్చుకుంటున్నాం.

అన్నం, బియ్యం

ఇంగ్లీషులో 'రైస్', స్పానిష్‌లో 'అర్రోస్' అనే ఒక్క మాటతో పని జరిగిపోతుంది. మనకు పొలంలో వరి, గాదెలో వడ్లు, డబ్బాలో బియ్యం, కంచంలో అన్నం. జపనీస్‌లోనూ అంతే: మొక్క 'ఇనె', వడ్లు 'మొమి', బియ్యం 'కొమె', అన్నం 'గొహన్'. ఇంకో విశేషం చూడండి. 'గొహన్' అంటే భోజనం అని కూడా అర్థం. మనం చపాతీలు తిన్నవాణ్ణి కూడా "అన్నం తిన్నావా?" అని అడగమూ?

అన్న, తమ్ముడు

ఇంగ్లీషు 'బ్రదర్', స్పానిష్ 'ఎర్మానో' అంటే పెద్దవాడో చిన్నవాడో తెలియదు. జపనీస్‌లో అన్నను 'ఒనీసాన్' అని పిలుస్తారు, తమ్ముడు 'ఒతోతొ'. స్పానిష్ మాత్రం ఇంకోచోట మనతో కలుస్తుంది: 'తూ' అంటే నువ్వు, 'ఉస్తెద్' అంటే మీరు.

అలాగని అన్నిచోట్లా మనకే ఎక్కువ మాటలున్నాయనుకోకూడదు. నీళ్ళలో ఈదే చేప స్పానిష్‌లో 'పెస్'. పట్టి వంటకు తెస్తే 'పెస్కాదో'. జపనీస్‌లో చన్నీళ్ళు 'మిజు', వేణ్ణీళ్ళు 'ఒయు'. ఏ భాష అవసరం దానిది, ఏ భాష గీసుకున్న గీతలు దానివి.

మనం, మేము

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఇంగ్లీషు 'వి', స్పానిష్ 'నోసోత్రోస్', జపనీస్ 'వతాషితాచి': వీటిలో ఎదుటివారు కలిశారో లేదో మాటను బట్టి తెలియదు. తెలుగులో తెలుస్తుంది. 'మనం' అంటే వినేవారు కూడా ఉన్నారు; 'మేము' అంటే లేరు. "అమ్మమ్మా, నువ్వు వచ్చాక మేము జూకి వెళ్తాం" అని పిల్లవాడు ఫోనులో అన్నాడనుకోండి. వాడి మనసులో అమ్మమ్మ ఉంది, మాటలో లేదు. ఆవిడను ఇంట్లో ఉంచి వీళ్ళు వెళ్తారన్నమాట! వ్యాకరణంలో ఇది చిన్న తేడాయే, కానీ ఫోను అవతల విన్నవారికి చిన్నది కాదు.

అందుకే ఇంగ్లీషు మాట ఎదురుగా ఒక తెలుగు మాట రాసి బట్టీ పట్టిస్తే చాలదు. పర్యాయపదాలకూ ఇదే వర్తిస్తుంది. పూర్వం మన పిల్లలు అమరకోశం వల్లె వేసేవారు. అచ్చ తెలుగు మాటల కోసం పైడిపాటి లక్ష్మణకవి 'ఆంధ్రనామ సంగ్రహం' ఉంది. అవి మాటల కొట్లు. ఏ మాట ఎక్కడ వాడాలో మాత్రం ఇంట్లో వినాలి. నీళ్ళు, జలం రెండూ ఒకటే, కానీ దాహమేస్తే "జలం ఇవ్వమ్మా" అనం. గుడిలో పూజారి చేతిలో పోసింది తీర్థమే గాని మంచినీళ్ళు కాదు.

తల్లిదండ్రులకు మా మనవి: పిల్లలు "దీన్ని తెలుగులో ఏమంటారు?" అని అడిగితే ఒక మాట చెప్పి ఊరుకోకండి. ఎక్కడ, ఎవరితో అని అడిగి, ఒక వాక్యంలో పెట్టి చెప్పండి.

ఇంటిపని

1. ఇంగ్లీషు 'అంకుల్', స్పానిష్ 'తీయో'లకు తెలుగులో ఎన్ని మాటలున్నాయో అమ్మానాన్నలను అడిగి రాయండి.

2. స్పానిష్ 'దేదో'లాగే మన 'వేలు' చేతికీ కాలికీ ఒకటే. ఇంగ్లీషులో ఎన్ని మాటలు?

3. ఈ ఆదివారం తాతయ్యకో అమ్మమ్మకో ఫోను చేసి, 'మనం'తో మూడు వాక్యాలు చెప్పండి.